జగేసర్ కట్టిన చెడ్డ గది

మా మరిది జగేసర్ డెబ్భై ఒక్కేళ్ళ బతుకులో చెడ్డ పని ఒక్కటే చేశాడు. అది చేయడానికి కూడా మూడుసార్లు కట్టి, రెండుసార్లు విప్పాల్సి వచ్చింది. మంచి పని అతని చేతికి ఊపిరి పీల్చినంత తేలిక. చెడ్డ పనికే ఒళ్ళు హూనమైంది.

పద్నాలుగో ఏట ఇక్కడే, ఫిజీ దీవుల్లోని లబాసాలో గుర్‌బచన్ సింగ్ బస్సుల షెడ్డులో చేరాడు. ఆ రోజుల్లో బస్సంటే ఇంజనూ చక్రాలూ ఓడ మీద వచ్చేవి. మిగతా ఒళ్ళంతా ఇక్కడే దాకువా చెక్కతో కట్టేవాళ్ళు. పక్కలకు అద్దాలుండవు, వాన వస్తే కాన్వాసు దించుకోవడమే. కొండ దారిలో బస్సు గుంతలో పడితే జనం ధాన్యం బస్తాల్లా అటూ ఇటూ ఒరుగుతారు. అందుకని జగేసర్ చేతికి అందిన ప్రతి చెక్క అంచునూ గుండ్రంగా చిత్రిక పట్టేవాడు, పైన ఉప్పు కాగితం రుద్దేవాడు. చంటిపిల్ల నోట్లో పెట్టుకున్నా చిగుళ్ళకు గీత పడకూడదనేవాడు. యాభై ఏళ్ళు అదే పని. ఆ తర్వాత ఇనప బస్సులు తయారుగా దిగడం మొదలై షెడ్డు మూతపడింది. అతనికి మిగిలినవి చెక్కపొడి నింపిన ఊపిరితిత్తులూ, మడత పడని రెండు మోకాళ్ళూ.

నా పెనిమిటి పోయాడు, జగేసర్ పెళ్ళామూ పోయింది. ఒకే వాకిలి, రెండు ఇళ్ళు, ఒకే పొయ్యి. పొద్దున రోటీలు నేను చేస్తాను, సాయంత్రం తాగడానికి యంగోనా వేరు పొడి నీళ్ళలో అతను కలుపుతాడు. అందరూ ఏమనుకుంటారో నాకు తెలుసు. నేను పట్టించుకోను.

ఒక ఫిబ్రవరిలో మాస్టర్ బ్రిజ్‌భూషణ్ మా వాకిట్లోకి వచ్చాడు. రిటైరైన హెడ్మాస్టరు, ఊళ్ళో ఏ కమిటీ ఉన్నా దానికి పెద్ద. రోడ్డు పక్కన పాత చక్కెర గోదాంలో గిర్మిట్ చరిత్ర చూపించే కేంద్రం పెడుతున్నారట. మన తాతలు ఐదేళ్ళ ఒప్పందం మీద వేలిముద్ర వేసి ఓడెక్కి రావడం, ఇక్కడ చెరకు కోయడం, అన్నీ బొమ్మలుగా, పలకలుగా, గాజు పెట్టెల్లో పెడతారట. దారిన పోయే టూరిస్టులు ముందు అక్కడ దిగి, అవి చూసి, ఆ తర్వాతే చక్కెర మిల్లుకు వెళ్తారట. మే నెలలో గిర్మిట్ దినం నాడు మంత్రిగారు తెరుస్తారట.

"మిస్త్రీ, పనంతా నీదే. లైన్ల గది ఒకటి అచ్చంగా కట్టాలి. అదే ముఖ్యం," అన్నాడు మాస్టర్.

లైన్లంటే కూలీలను పడేసిన పొడుగు కొట్టాలు. ఒక్కో కొట్టంలో ఇరవై గదులు. జగేసర్ వాళ్ళమ్మ పుట్టింది ఆ గదుల్లోనే. నేను పుట్టిందీ అక్కడే. గిర్మిట్ ముగిసి పదిహేనేళ్ళయినా మిల్లుకూలీలను వాటిలోనే ఉంచేవాళ్ళు.

జగేసర్ ఒప్పుకుంటాడని నేననుకోలేదు. ఆ రాత్రి రోటీ తుంచుతూ, "మా అమ్మ చచ్చేదాకా ఆ గది గురించి ఒక్క ముక్క చెప్పలేదు వదినా. కట్టి చూస్తేనన్నా తెలుస్తుందేమో," అన్నాడు. ఆ మాట కోసమే అతను ఆ మూడు నెలలూ మోకాళ్ళీడ్చాడు. డబ్బు కోసం కాదు, మాస్టర్ కోసం అసలే కాదు.

బొమ్మలు గీసి కొలతలిచ్చే పిల్ల రాజధాని సువా నుంచి వచ్చింది. పేరు లితియా, కాయ్‌వితి పిల్ల, అంటే ఈ దీవుల అసలు జనం. చెవి వెనక పెన్సిలూ, చంకలో కాగితపు చుట్టలూ. గాజు పెట్టె ఎంత ఎత్తులో ఉంటే ఎనిమిదేళ్ళ పిల్లకూ కనబడుతుందో, దీపం వెలుగు ఎటు నుంచి పడితే పాత చీర వెలిసిపోదో అన్నీ ఆమెకు తెలుసు. పలక మీద యాభై మాటలకు మించి రాస్తే ఎవరూ నిలబడి చదవరని చెప్పింది.

"యాభై మాటల్లో ఐదేళ్ళు ఎట్లా పడతాయే?" అన్నాను.

"అందుకే గది ఆజీ," అంది, మా మనవరాళ్ళు పిలిచినట్టే. "మాటల్లో పట్టనిది గదిలో పట్టాలి."

పిల్ల తెలివైనదే. కానీ గది కొలతలు ఆమెకిచ్చింది మాస్టర్.

మొదటి గది మార్చి మధ్యకి లేచింది. నేను రోటీలూ వంకాయ కూరా డబ్బాలో పెట్టుకుని వెళ్ళాను. గోదాం నడుమ కొత్త చెక్క వాసన. జగేసర్ గుమ్మంలో కూర్చుని దగ్గుతున్నాడు. నేను లోపలికి వెళ్ళి ఇటు నుంచి అటు నడిచాను. నడవగలిగాను. అదే తప్పు.

"ఇదెవరి గదయ్యా? కూలీలను తోలే కులంబర్ దొరదా?"

"అట్లా అంటావేంటి వదినా. పన్నెండడుగులు, పదడుగులు. మాస్టర్ సాబ్ ఇచ్చిన కొలత."

"మాస్టర్ సాబ్ లైన్లలో ఎప్పుడు పడుకున్నాడు? మా నాన్న గది నడుమ నిలబడి రెండు చేతులూ చాపితే రెండు గోడలకీ దాదాపు తగిలేవి. ఆరుగురం పడుకునేవాళ్ళం. నా కాళ్ళు అమ్మ ముఖం మీద, తమ్ముడి కాళ్ళు నా ముఖం మీద. ఇక్కడైతే పెళ్ళి చెయ్యొచ్చు."

ఇంకొకటి కూడా చెప్పాను. గదికీ గదికీ మధ్య గోడ కప్పుదాకా పోయేది కాదు. మనిషి ఎత్తు దాకా చెక్క, పైన కోళ్ళగూటి వల, అంతే. పక్క గదిలో మొగుడు కొట్టినా, ముద్దు పెట్టినా, వాంతి చేసుకున్నా కొట్టం మొత్తానికీ వినబడేది. మా అమ్మ నవ్వు వచ్చినా గుడ్డ నోట్లో కుక్కుకునేది. జగేసర్ కట్టిన గోడ కప్పును ముద్దు పెట్టుకుంటూ ఉంది.

అతను తలెత్తి ఆ గోడ అంచు చూశాడు. "మా అమ్మ అందుకేనేమో జీవితమంతా గుసగుసగా మాట్లాడింది," అన్నాడు.

పక్కన కాగితాలు సర్దుతున్న లితియా ఆగింది. "ఆజీ, నువ్వు చెప్పింది నిజమే అయ్యుండొచ్చు. కానీ కమిటీకి రుజువు కావాలి."

రుజువు చెరకు తోటలో ఉంది. పాత కొట్టం పడిపోయినా దాని కింది సిమెంటు దిమ్మలు అట్లాగే ఉన్నాయి, దున్నే ట్రాక్టర్లు వాటిని తప్పించుకుని పోతాయి. మేం ముగ్గురం వెళ్ళాం. కోతకు ఇంకా రెండు నెలల పైన ఉంది, చెరకు తల మీదకి లేచింది, ఆకు మొహాన్ని కోస్తోంది. జగేసర్ మోకాళ్ళ మీద కూర్చోలేక బోర్లా పడుకుని టేపు పట్టాడు. అవతలి దిమ్మ దగ్గర లితియా. ఒక పక్క పదడుగులు, ఇంకో పక్క ఏడు. ఎన్ని దిమ్మలు కొలిచినా ఏడే.

పైకి లేవడానికి అతనికి మా ఇద్దరి చేతులూ కావాల్సి వచ్చాయి.

మాస్టర్ ఒప్పుకోలేదు. "చక్రాల కుర్చీలో వచ్చేవాళ్ళుంటారు. లోపల తిరగడానికి చోటుండద్దా?"

"లోపల తిరగడానికి ఎవరికీ చోటు లేదు సార్. కుర్చీ గుమ్మం దాకా వస్తుంది, అక్కణ్ణుంచి అంతా కనబడుతుంది," అంది లితియా.

"గోడ కూడా సగమేనా?"

"సగమే సార్."

మాస్టర్ నా వైపు చూశాడు, ఇదంతా ముసలిదాని పని అన్నట్టు. "సరే, కట్టండి. కట్టాక కమిటీ చూస్తుంది," అని పోయాడు. ఆ మాటలో తాళం వేసే చప్పుడు నాకు వినబడింది.

మొదటి గది విప్పడానికి నాలుగు రోజులు, రెండోది కట్టడానికి పదిహేను. ఏప్రిల్ వానలు, గోదాంలో చెమ్మ, అతని దగ్గు రాత్రంతా గోడ అవతల నుంచి నాకు వినబడుతూనే ఉండేది. నూనె కాచి వీపుకి రాయబోతే "వద్దు వదినా, చెయ్యెత్తే ఓపిక కూడా లేదు" అనేవాడు. నాకూ లేదు నిజానికి. రాసేదాన్ని.

రెండో గది చూడ్డానికి వెళ్ళినప్పుడు నేను గుమ్మం దాటగానే నా మోచేయి గోడకి తగిలింది. కొలత సరిపోయింది. సగం గోడ మీద వల ఉంది, రేకుల కప్పు ఉంది. నేను నేల మీద కూర్చుని గోడకి వీపు ఆనించాను. కళ్ళు మూసుకున్నాను. ఏదో కుదరలేదు.

"ముల్లు గుచ్చుకోలేదు," అన్నాను.

"ఏంటి?"

"లైన్ల గోడకి వీపు ఆనిస్తే చెక్క ముల్లు దిగాల్సిందే. మా అమ్మ నిమ్మముల్లుతో తీసేది, రోజుకి ఇద్దరికి. ఇదేంటయ్యా, బస్సు సీటులా ఉంది!"

అతను వచ్చి అరచెయ్యి గోడ మీద నడిపించాడు. ప్రతి అంచూ గుండ్రం. పలకకీ పలకకీ మధ్య వెంట్రుక దూరదు. మేకులన్నీ తాడు పట్టినట్టు ఒకే వరస. కాగితంలో ఆ గుండ్రాలెక్కడా లేవు, లితియా కూడా చెప్పలేదు. అతని చేతులు వాటంతటవే చేసుకుపోయాయి.

"ఛీ," అన్నాడు. అంతవరకూ తన పని చూసి ఆ మాట అనగా నేను వినలేదు.

రెండో గదీ విప్పేసి, కోతమిల్లు నుంచి రంపపు కోత చెక్క తెప్పించాడు, చిత్రిక ముట్టనిది. చిన్నపిల్లల ఎత్తు దాకా తీగ బ్రష్‌తో ఒక్కసారి గీకుతానని లితియాకు మాటిచ్చాడు, అరచేతిలో ముళ్ళతో పిల్లలు ఏడవకుండా. ఆ పైన ఏమీ ముట్టనన్నాడు. కానీ ముట్టకపోవడం అతని వల్ల కాలేదు. మూడు పలకలు కొట్టి దూరంగా నిలబడి చూస్తే మళ్ళీ గీత గీసినట్టున్నాయి. ఎడంచేత్తో కొట్టాడు. ఎడం చెయ్యి కూడా యాభై ఏళ్ళు ఆ షెడ్డులోనే ఉందాయె, అదీ నేర్చేసుకుంది. కళ్ళజోడు తీసేసి కొట్టాడు. వేలు నలిగింది, మేకు మాత్రం తిన్నగా దిగింది.

సుత్తి కింద పడేసి నేల మీద కూలబడ్డాడు.

"వదినా, ఈ లైన్లు కట్టినవాళ్ళెవరు?"

"మిస్త్రీలా? ఓడ దిగిన కూలీలనే కట్టమన్నారట. సుత్తి ముఖం ఎరగనివాళ్ళు. సర్దార్ వెనక నిలబడి తొందర చేసేవాడట. మా తాత చెప్పేవాడు."

అతను సుత్తి నా వైపు తోశాడు. "అయితే నువ్వు కొట్టు."

"నాకు డెబ్భై నాలుగేళ్ళు!"

"రోటీ పిండి మీద చూపించే కోపం దీని మీద చూపించు. అంతే."

నేను జన్మలో మేకు కొట్టలేదు. మొదటి రోజు పదకొండు మేకులు కొట్టాను, అందులో తొమ్మిది వంకర పోయాయి. పలకలు నావి ఎటంటే అటే నిలబడ్డాయి, మధ్యలో వేలు దూరే సందులు. జగేసర్ అటు తిరిగి కూర్చునేవాడు, చూడలేక. ఒకసారి చూస్తూ ఉండిపోయి, "అబ్బ, ఇదేంటి వదినా, మేకుని కొడుతున్నావా బుజ్జగిస్తున్నావా!" అన్నాడు.

"నీ పెళ్ళాం నిన్ను బుజ్జగించి చెడగొట్టింది, నేనెవర్నీ బుజ్జగించను."

"ఆ సందు కాస్త..." అంటూ లేవబోయాడు.

"కూర్చో!" అన్నాను. కూర్చున్నాడు. లితియా కాగితాలు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ మూడు నెలల్లో మేం ముగ్గురం కలిసి నవ్వింది ఆ ఒక్కసారే.

గది పూర్తయ్యేసరికి గిర్మిట్ దినానికి నాలుగు రోజులుంది. మాస్టర్ ఐదుగురు కమిటీవాళ్ళను వెంటబెట్టుకుని వచ్చాడు. గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రాలేదు.

"ఏంటిది మిస్త్రీ? పందుల దొడ్డా?"

"లైన్ల గది మాస్టర్ సాబ్."

"మంత్రిగారొస్తున్నారు. పేపరువాళ్ళొస్తున్నారు. మన పిల్లలు డాక్టర్లూ లాయర్లూ అయ్యారు. వాళ్ళను తెచ్చి ఇది చూపిస్తావా?" గొంతు కాస్త దిగింది. "నాకు తెలీదనుకుంటున్నావా? మా ఆజీ ఇట్లాంటి గదిలోనే ముగ్గుర్ని కంది, పక్క గది మొగాళ్ళు దగ్గుతుంటే వింటూ. పదిమంది ముందూ పెట్టి ఏం సంపాదిస్తాం?"

ఆ మాటకి నాకు మాస్టర్ మీద మొదటిసారి జాలి వేసింది. నోరు మాత్రం ఊరుకోలేదు. "దాచి ఏం సంపాదించారు మాస్టర్ సాబ్, అది చెప్పండి ముందు."

"మీరు ఊరుకోండి భాభీ. మిస్త్రీ, మొదటి గది చెక్కలు వెనకాల ఉన్నాయి కదా? ఇది విప్పు. అది నిలబెట్టు. నాలుగు రోజులుంది."

లితియా కాగితపు చుట్ట చేతుల్లో నలుగుతోంది. ఆమె ఏదో అనబోతే జగేసర్ చెయ్యెత్తి ఆపాడు. అరుస్తాడనుకున్నాను. అరవలేదు. గోడ పట్టుకుని, మెల్లగా, ఒక్కో మోకాలే వంచి, ఆ గది నేల మీద కూర్చున్నాడు. కాళ్ళు చాపితే పాదాలు గది నడుమ దాకా వచ్చాయి.

"విప్పండి మాస్టర్ సాబ్," అన్నాడు. "మేకులు వంకరగా ఉన్నాయి, తొందరగానే ఊడతాయి. నేను అడ్డం రాను. కానీ మళ్ళీ కట్టలేను. ఈ చేతుల్లో ఇంకో గది లేదు. ఉంటే కట్టేవాణ్ణే, మీ మీద కోపం కాదు."

"ఇంకెవర్నన్నా పిలుస్తాం."

"పిలవండి."

పిలిచారు. లబాసా చుట్టుపక్కల సుత్తి పట్టినవాళ్ళలో సగం మంది గుర్‌బచన్ సింగ్ షెడ్డులో జగేసర్ కిందే పని నేర్చినవాళ్ళు. రఫీక్ ఫోనులోనే చెప్పేశాడట, ఉస్తాద్ కట్టింది నేను విప్పను, చెయ్యి విరిగిపోతుందని. ముస్తాబు పనులకు పేరున్న హరిపాల్ స్వయంగా వచ్చాడు. గది చుట్టూ తిరిగాడు, వంకర మేకులు ముట్టుకున్నాడు. "ఇది ఉస్తాద్ పని కాదే," అన్నాడు. జగేసర్ తల అడ్డంగా ఊపాడు. "నేనే. నా గదే." హరిపాల్ అతన్నీ, మేకుల్నీ, నన్నూ చూశాడు. ఏమర్థమైందో, చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు.

మాస్టర్‌కి ఇక రెండే దారులు మిగిలాయి. ఈ గది, లేదా గోదాం నడుమ ఖాళీ నేల. ఖాళీ నేలని మంత్రిగారికి ఏమని చూపిస్తాడు?

మూడో రోజు సాయంత్రం తనే మా వాకిట్లోకి వచ్చి, నిలబడే, "ఉండనీ" అన్నాడు. యంగోనా ఇస్తే తాగాడు, కొబ్బరి చిప్ప వెనక్కిస్తూ ఇంకో మాటన్నాడు. "కట్టినవాళ్ళ పేర్లు గుమ్మం పక్కన పలక మీద వేస్తున్నాం. నీ పేరు వద్దంటే తీసేయిస్తాను మిస్త్రీ. ఆ పనిని చూసి జనం నవ్వుతారు. నీ పరువుంది."

వెటకారం కాదు, మంచికే అన్నాడు. జగేసర్ కళ్ళు మూసుకునే జవాబిచ్చాడు.

"వేస్తే వేయండి, తీస్తే తీయండి. నాకు నిద్రొస్తోంది మాస్టర్ సాబ్."

వేశారు. నా పేరు కూడా వేయించమని అతను అడిగాడని తర్వాత లితియా చెప్పింది. మేకులు కొట్టినవారు అని, కింద నా పేరు. చదువు రాకపోయినా నా పేరు ఎట్లా ఉంటుందో నాకు తెలుసు, గుర్తుపట్టాను.

గిర్మిట్ దినం నాడు మంత్రిగారు వంగి లోపలికి వెళ్ళారు. వెనకే పదిమంది దూరారు. ఆ తర్వాతివాడికి చోటు చాలలేదు. ఉపన్యాసం కోసం తెచ్చిన కాగితం విప్పడానికి ఆయనకి మోచేతులు ఆడలేదు, మడిచి జేబులో పెట్టుకున్నారు. సగం గోడ అవతల ఎవరో చంటిపిల్లను ఊరుకోబెడుతున్న సద్దు వల లోంచి వచ్చింది. మంత్రిగారు అటు చూసి, మళ్ళీ నేలకేసి చూశారు. ఒకావిడ బయటికి వస్తూ, "వడ్రంగి ఎవరమ్మా, ఇంత అధ్వాన్నంగా కొట్టాడు!" అంది. పక్కనే ఉన్న జగేసర్ చొక్కా గుండీ సర్దుకుని, "నేనే తల్లీ," అన్నాడు. ఎంత కష్టంగా వచ్చిందో ఆ మాట, నాకు తెలుసు. నూటపది బస్సులు కట్టిన మనిషి నోరది.

మాస్టర్ మాత్రం అందరూ వెళ్ళాక లోపలికి వెళ్ళాడు. ఎంతసేపున్నాడో నేను లెక్కపెట్టలేదు. బయటికి వచ్చి ఎవరితోనూ మాట్లాడకుండా కారెక్కాడు.

అంతటితో అయిపోయిందనుకుంటే పొరపాటు.

ఆ కేంద్రానికి కాపలా మనిషి సెరు. మంచివాడు, నీటుగాడు, లుంగీకి కూడా ఇస్త్రీ చేసుకుంటాడు. పొద్దున్నే వచ్చి తుడుస్తాడు, గాజు పెట్టెలు మెరిపిస్తాడు. వారం తిరక్కుండానే అతని కన్ను ఆ మేకుల మీద పడింది. ఒక వంకర మేకు తిన్నగా కొట్టాడు. మర్నాడు ఇంకో రెండు. తర్వాత సందుల్లో కందిరీగలు చేరుతున్నాయని లప్పం పూశాడు, పైన ఉప్పు కాగితం రుద్దాడు. నెల తిరిగేసరికి ఒక గోడ మళ్ళీ బస్సు సీటులా తయారైంది.

లితియా సువా నుంచి ఫోను చేసి చెప్పింది. అప్పటి నుంచీ గురువారం గురువారం జగేసర్ బస్సెక్కి గోదాంకి వెళ్తాడు. లప్పం గీకుతాడు, మేకులు మళ్ళీ వంచుతాడు. వంచడం ఇప్పుడు బాగానే వచ్చింది. సెరు పక్కనే చీపురు పట్టుకుని నిలబడి, "బాగుచేసింది పాడుచేస్తావేం ముసలోడా!" అని తిడతాడు. జగేసర్ కూడా తిడతాడు. ఆ తర్వాత ఇద్దరూ మెట్ల మీద కూర్చుని యంగోనా తాగుతారు. మళ్ళీ గురువారం దాకా సెరు చెయ్యి ఆగదు.

మొన్న గురువారం ఇంటికి వచ్చి మంచం మీద అట్లాగే వాలిపోయాడు, చెప్పులతోనే. నేను వంగి చెప్పులు లాగాను. నా నడుమూ పలికింది.

"ఆ సెరుని మాన్పించమని మాస్టర్‌తో చెప్పరాదూ? ఎన్నాళ్ళు తిరుగుతావు నువ్వు?"

"చెప్పను వదినా."

"ఏం?"

అతను గోడ వైపు తిరిగి పడుకున్నాడు. "పాపం, వాడికి వంకర మేకు కనబడితే నిద్ర పట్టదు. ఆ జబ్బు నాకు తెలుసు," అన్నాడు.